పాతనగరపు గోడల పక్షమున: విశాఖ మేయరు గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మహావిశాఖ నగరపాలక సంస్థ మేయరు గారికిని, పాలకవర్గ సభ్యులకును పాతనగర వాసియగు ఒక పౌరుడు నమస్కరించి వ్రాయు విన్నపము.

ఒకవంక ఓడరేవు, వేరొకవంక సముద్రము, నడుమ ఇరుకు వీధులతో ఒదిగియున్న మన పాతనగరమును గూర్చి నాలుగు మాటలు బహిరంగముగా విన్నవింపవలెనని చిరకాలముగా నా మనస్సున నున్నది. కచేరీలో అర్జీ దాఖలు చేసి ఊరకుండక పదుగురి యెదుట ఈ లేఖ వ్రాయుటకు కారణము లేకపోలేదు. నేను చెప్పదలచినది ఒక్క అధికారి సంతకముతో తీరు పని కాదు. నగరపాలక సంస్థవారు, రేవు అధికారులు, పరిశ్రమల యజమానులు, పాత ఇండ్ల సొంతదారులు, ఆ ఇండ్లలో అద్దెకున్నవారు, ఇందరును వినవలసినది, ఇందరును ఎంతోకొంత చేయవలసినది. చరిత్రాత్మకములైన కట్టడములను రక్షింపవలెనను మాటను కాదను పెద్దమనిషి ఈ ఊరిలో నాకింతవరకు కనబడలేదు. కాని రక్షించుటయనగా ఏమి చేయుటయో, ఏ యేటికాయేడు ఎవరు ఏ పని పూనుకొనవలయునో అడిగినచో స్పష్టమైన ప్రత్యుత్తరము లభించుట లేదు. నా విన్నపమంతయు ఆ ప్రశ్నను గూర్చియే.

కోటవీధి, సోల్జర్‌పేట అను పేర్లు విన్నంతనే ఈ ఊరి పూర్వకథ సగము తెలియును. పదునేడవ శతాబ్దపు చివరి దశకములలో ఇంగ్లీషు కంపెనీవారు ఇచ్చట వర్తకస్థానము నెలకొల్పుకొని, గిడ్డంగులు కట్టి, వానిని కాచుటకు కోట కట్టిరి. కోట పోయినది, దాని పేరు వీధికి మిగిలినది. రేవు ముఖద్వారమున ప్రక్కప్రక్కనే నిలిచిన మూడు గుట్టలలో ఒకదానిపై వేంకటేశ్వరస్వామి ఆలయము, వేరొకదానిపై ఇస్హాక్ మదీనా వారి దర్గా, మూడవదానిపై మేరీమాత దేవాలయము వెలసి, ఏ దేశపు నావికుడైనను ఏ దైవమును కొలుచువాడైనను లోనికి వచ్చునపుడు చేయెత్తి మ్రొక్కుటకు వీలైన దృశ్యము కల్పించుచున్నవి. గత రెండు శతాబ్దముల సంధికాలమున బొబ్బిలి రాజావారి విరాళముతో లేచిన టౌన్‌హాలు, 1914లో కురుపాం జమీందారుల పేర వెలసిన మార్కెట్టు, 1847లో స్థాపితమై చంద్రశేఖర వేంకటరామన్ బాల్యమున చదువుకొన్న సెయింట్ అలోషియస్ పాఠశాల, కొంచెము ఉత్తరమునకు నడచినచో 1923లో ప్రారంభమైన కింగ్ జార్జి ఆసుపత్రి, సముద్రతీరమున జయపురం మహారాజుల హవామహలు, వాల్తేరు మిట్టపై కట్టమంచి రామలింగారెడ్డిగారి కాలమునుండి లేచుచు వచ్చిన విశ్వవిద్యాలయ శిలాభవనములు, ఇవియన్నియు ఒక్క దినమున కాలినడకతోను, కొంత బస్సుతోను చూడదగినంత దగ్గరలో నున్నవి. భీమునిపట్నములోని డచ్చివారి సమాధులను, తొట్లకొండ బావికొండల మీది బౌద్ధారామములను నేనిచ్చట ప్రస్తావింపను. వాని సమస్య వేరు. మనుష్యులు నిత్యము మసలుచున్న, అమ్మకములు కొనుగోళ్లు సాగుచున్న, పిల్లలు చదువుకొనుచున్న కట్టడములను గూర్చియే నా ఆవేదన.

పరిశ్రమల నగరమునకు పాత కట్టడములేల, రేవునకు రహదారులు కావలెను, లారీలకు స్థలము కావలెను, గతము పట్టుకొని వేలాడినచో ఉద్యోగములు వచ్చునా యని వాదించు మిత్రులు నాకు పలువురు గలరు. వారి ఆందోళనను నేను తేలికగా తీసికొనను. రేవు కూలితో పొయ్యి వెలిగిన ఇండ్ల నడుమ పెరిగినవాడను. కాని ఈ వాదము చరిత్రను తలక్రిందులు చేయుచున్నది. ఈనాటి రేవు పుట్టకముందు ఓడలు తీరమునకు దూరముగా లంగరు వేసికొని నిలువగా, కుట్టుపడవలవారు కెరటములను దాటి సరకు దించెడివారు, ఎక్కించెడివారు. కళింగపట్నము, భీమునిపట్నములతో పాటు ఈ తీరమునుండియే వేలాది తెలుగు కూలీలు రంగూనునకు ఓడలెక్కిరి. వారు పంపిన రూకలతో ఎన్ని ఇండ్లకు దూలములు లేచినవో ఆయా కుటుంబములవారికి తెలియును. మధ్యపరగణాల మాంగనీసు ఖనిజమునకు సముద్రద్వారము కావలసివచ్చి, రాయపూరు విజయనగరముల నడుమ రైలుమార్గము పడి, బెంగాలు నాగపూరు రైల్వేవారి చేతి మీదుగా ఉప్పుటేటి బురదను త్రవ్వి ఓడలు తిరుగు కాలువ చేసి, యారాడకొండ కొన చాటున రేవు నిర్మించిన మీదట 1933 డిసెంబరు 19వ తేదీన వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు దానిని లాంఛనముగా ప్రారంభించెను. కాలువ నోరు ఇసుకతో పూడిపోకుండ రెండు పాత ఓడలనే నీట ముంచి అడ్డుగట్టగా నిలిపిన ఇంజనీర్ల యుక్తిని తలచుకొన్నప్పుడెల్ల నాకు ఆశ్చర్యమే. పాతదానిని పారవేయక క్రొత్త పనికి నిలువబెట్టుట ఈ రేవునకు పుట్టుకతో వచ్చిన విద్య.

ఆ పిమ్మటి కథ తమరెరిగినదే. 1941లో వాల్‌చంద్ హీరాచంద్ గారి నౌకానిర్మాణ కేంద్రమునకు బాబూ రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపన చేసిరి. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు ఊరిపై బాంబులు వేయగా జనము చెట్టుకొకరు పుట్టకొకరుగా చెదరిపోవుటయు, విశ్వవిద్యాలయము గుంటూరునకు తరలిపోవుటయు జరిగినవి. 1948 మార్చి 14వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూగారు ఆ నౌకాకేంద్రమున నిర్మితమైన ‘జల ఉష’ ఓడను నీటిలోనికి విడిచిరి. 1957లో చమురుశుద్ధి కర్మాగారము వచ్చినది. 1966లో ఉక్కు కర్మాగారమునకై తెలుగుదేశమంతయు ఉద్యమించి, ప్రాణములర్పించి, తుదకు సాధించుకొన్నది. ఈ పరంపరలో పాతనగరము ఎన్నడును పరిశ్రమకు అడ్డు నిలువలేదు. వర్తకులకు గిడ్డంగులిచ్చినది, గుమాస్తాలకు అద్దె గదులిచ్చినది, కార్మికుల పిల్లలకు బడులిచ్చినది, సభలకు మందిరమిచ్చినది. తల్లి ఇంటిని కూల్చి బిడ్డ ఇంటికి ప్రహరీ కట్టుట ఏ కుటుంబమునకును శోభ కాదు.

చట్టముల సంగతి క్లుప్తముగా చెప్పెదను. 1958 నాటి కేంద్ర చట్టమును, దాని 2010 సవరణయు జాతీయ ప్రాముఖ్యము గలవిగా ప్రకటింపబడిన స్మారకముల చుట్టు నూరు మీటర్ల వరకు క్రొత్త నిర్మాణములను నిషేధించుచు, ఆ పైన రెండు వందల మీటర్ల మేర అనుమతిపై మాత్రమే కట్టనిచ్చుచున్నవి; రాష్ట్రమునకు 1960 నాటి చట్టము వేరుగా కలదు. కాని ఈ చట్టములు ముఖ్యముగా ఆలయములు, కోటలు, సమాధులు, స్తూపములవంటి వానిని ఉద్దేశించినవి. ఉదయము ఆరు గంటలకే తలుపు తెరచుకొను మార్కెట్టును గాని, నాలుగు వాటాలుగా పంచుకొన్న పెంకుటిల్లును గాని ఎట్లు చూచుకొనవలెనో అవి చెప్పజాలవు. అట్టి కట్టడములకు నగరస్థాయిలో నియమములుండవలెనని గ్రహించి బొంబాయివారు 1995లోనే వారసత్వ నిబంధనలు చేసి, కట్టడములను తరగతులుగా విభజించి, ఏ తరగతిలో ఏ మార్పు చేయవచ్చునో నిర్ణయించుకొనిరి. మన నగరమునకును అట్టి జాబితా, వీధి పేరుతో, సర్వే నంబరుతో, ఛాయాచిత్రముతో, తెలుగులో అచ్చొత్తించి, వార్డు కార్యాలయములన్నింట అందరికిని కనబడునట్లు ఉంచవలెనని కోరుచున్నాను. జాబితాలో పేరున్నదో లేదో తెలియని ఇంటి యజమాని తెల్లవారకముందే యంత్రము తెప్పించి పడగొట్టించుకొనినచో ఆతనిని మాత్రమే నిందించి లాభమేమి?

అయినను జాబితా మొదటి మెట్టు మాత్రమే. నీలిరంగు పలకపై ‘రక్షిత స్మారకము’ అని తెల్లని అక్షరములతో వ్రాయించినంతమాత్రమున ఏ గోడయు నిలువదు. కూల్చివేత కంటె ఎక్కువ కట్టడములను మన తీరమున మరమ్మతు లేమియు, తప్పుడు మరమ్మతును కబళించుచున్నవని నా దృఢాభిప్రాయము. ఇది చెప్పుటకే ఈ లేఖ.

పాతనగరములోని ఏ ప్రాచీన భవనము చెంతనైనను నిలిచి గోడను అరచేతితో తడిమి చూడుడు. ఖొండలైటు రాతిని పేర్చి, గానుగలో త్రిప్పిన సున్నముతో అతికి, పైన సున్నపు పూత పూసిన గోడ అది. సముద్రతీరమున గుల్లలు కాల్చి చేసిన సున్నమును నీట నానవేసి, ఇసుక కలిపి, ఎడ్ల గానుగలో మెత్తగా నలిపి, బెల్లపునీరు, కరక్కాయ రసము చేర్చి వాడిన తాపీపనివారి నేర్పు అందు దాగియున్నది. ఈ సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొనుచు ఏండ్లు గడచిన కొలదియు గట్టిపడును. పునాదినుండి పైకి ప్రాకిన తేమను మరల గాలిలోనికి విడిచిపెట్టును. అట్టి గోడ కొంత పెచ్చూడినదని గుత్తేదారును పిలిచి సిమెంటు పూత వేయించినచో ఏమగును? లోపలి తేమకు బయటకు త్రోవ మూసుకొనిపోవును. సముద్రపు గాలి తెచ్చిన ఉప్పు పూత వెనుక పలుకులుగా పేరుకొని రాతి ముఖమునే పొడిపొడిగా రాల్చును. రెండు మూడు వర్షాకాలములకే సిమెంటు రేకు ఊడిపడి, దానితో కూడ రాతి పొర ఒకటి ఊడివచ్చును. బాగుచేసితిమని తలచిన చోటనే నష్టము రెట్టింపగును. పైన మెరుగు రంగులు వేసి ప్రారంభోత్సవము జరిపిన గోడ మరుసటి ఏట బొబ్బలెక్కియుండుటను చూచినవారు రంగును తిట్టుచున్నారు గాని లోపలి సిమెంటును అనుమానించుట లేదు.

మిద్దెల కథ ఇంకొకటి. మద్రాసు టెర్రసు అని పేరు పడిన పాత మిద్దెలలో టేకు దూలములపై సన్నని ఇటుకలను నిలువుగా పేర్చి, సున్నముతో బిగించి, పైన గచ్చు చేసెడివారు. తరువాతి కాలమున దూలముల స్థానమున ఇనుప గర్డర్లు వచ్చినవి. ఉప్పుగాలి సోకిన ఇనుము త్రుప్పుపట్టి ఉబ్బును. ఉబ్బిన గర్డరు తనచుట్టునున్న ఇటుకలను పగులదీయును. పగుళ్లలో వాననీరు దిగి త్రుప్పును పెంచును. ఇక పిట్టగోడలపై పక్షులు విడిచిన విత్తనమునుండి మొలచిన రావిమొక్కను తమరు చూడనిదా? వేలెడంత మొక్క, రెండాకులు. చూచుటకు ముచ్చటగానే యుండును. దానిని పైపైన కత్తిరించినచో వేరు మరింత బలిసి, రాతి సందులలోనికి చొచ్చుకొనిపోయి, పది పదునైదేండ్లలో కమాను రాయినే కదల్చును. మొలచిన ఏటనే వేరుతో తీసి, ఆ రంధ్రమును సున్నముతో పూడ్చినచో ఒక పూట కూలితో పోవు పని అది. నాకు తెలిసిన ఒక వృద్ధ తాపీమేస్త్రి, పాత మిద్దెను ఏటేటా తడిమి చూచువాడు ఒకడున్నచో దానికి ఇంజనీరుతో పని పడదని చెప్పుచుండెడివాడు. ఆతని మాటలోని న్యాయము నాకు నానాటికిని స్పష్టమగుచున్నది. ఆ మేస్త్రివంటివారు నేడు అరుదు. తక్కువ ధరకు టెండరు వేసినవానికే పని ఇచ్చు పద్ధతిలో సున్నపుపని ఎరిగినవాడు సిమెంటువాని ముందు నిలువలేడు. నిలువలేని విద్యను కొడుకునకు ఎవ్వడు నేర్పును?

ఇట్టి గోడలపై రేవు ధూళి వచ్చి వ్రాలుచున్నది. బొగ్గు, ఇనుపఖనిజము దించు ఎత్తు చోట్ల నీరు చల్లు ఏర్పాట్లును, కప్పుగల కన్వేయరులును వచ్చిన మాట నిజము; అయినను గాలి ఇటు మళ్లిన దినములలో మా డాబాలపై ఆరవేసిన వడియములు, బట్టలు నల్లబడుటయు నిజమే. మనుష్యుల ఊపిరితిత్తులకు కలుగు హాని ముందు గోడల హాని చిన్నదని నేను ఒప్పుకొందును. కాని రెంటికిని కారణమొకటే, మందు ఒకటే. ఇంధనములు మండగా వెలువడు గంధకపు వాయువు తేమతో కలిసి సున్నమును జిప్సముగా మార్చును. ఆ మెత్తని జిప్సము ధూళిని పట్టుకొని నల్లని పెచ్చుగా ఏర్పడి తుదకు రాలిపోవును. రాలిన చోట క్రొత్త సున్నము బయటపడి, మరల అదే కథ మొదలగును. కావున రేవువారును, కర్మాగారములవారును తమ ధూళిని కట్టడిచేయుట పాతనగరమునకు చేయు మొదటి మరమ్మతు అని గ్రహింపవలెను. రెండవ మరమ్మతునకు దారి చట్టమే చూపుచున్నది: 2013 కంపెనీల చట్టము ప్రకారము పెద్ద కంపెనీలు తమ లాభములలో నూటికి రెండు వంతులు వెచ్చింపవలసిన సామాజిక కార్యముల జాబితాలో చారిత్రక భవనముల పునరుద్ధరణ స్పష్టముగా చేర్చబడియున్నది. ఇన్ని మహాపరిశ్రమలు గల ఊరిలో ఈ పద్దు క్రింద ఒక్క సున్నపు గానుగను నిలువబెట్టలేమా? పదిమంది యువకులకు తాపీపని నేర్పు ఒక చిన్న పాఠశాలను నడుపలేమా?

ఈ నగరమునకు చేతకాదని మాత్రము నన్ను నమ్మించలేరు. ‘కుర్సురా’ జలాంతర్గామిని 2001లో నౌకాదళము సేవనుండి విరమింపజేయగా, ఆ మహాకాయమును సముద్రమునుండి ఇసుకపైకి లాగి, గట్టున నిలిపి, 2002లో ప్రదర్శనశాలగా తెరచిన ఊరు ఇది. పాత డచ్చి బంగళా అని పేరుపొందిన భవనములో 1991లో విశాఖ మ్యూజియమును ఏర్పరచి, యుద్ధకాలమున పడిన బాంబును సైతము అందు పిల్లలకు చూపుచున్న ఊరు ఇది. అట్లని ప్రతి పాత భవనమును మ్యూజియముగా మార్చవలెనని నేను కోరుట లేదు. అది మరియొక తప్పుదారి. మార్కెట్టు మార్కెట్టుగనే, బడి బడిగనే, సభామందిరము సభామందిరముగనే యుండవలెను. తాళము వేసిన భవనములో కిటికీ విరిగినను చూచువాడుండడు, కారుచున్న గొట్టము కారుచునే యుండును. నలుగురు మసలు చోట పైకప్పునుండి ఒక చుక్క రాలినను అదే దినమున కేకలు వినబడును.

సొంతదారుల కష్టమును గూర్చి ఒక మాట. పాత ఇల్లు గలవాడు ధనవంతుడని లోకము తలచును. అన్నదమ్ములు, వారి సంతానము, పరదేశములలోని మనుమలు వాటాదారులై, ఒకరి సంతకమునకై వేరొకరు ఎదురుచూచుచుండగా, ఇంటిలో మిగిలిన వృద్ధురాలు గిన్నెలు పట్టి కారు నీటిని ఆపుకొనుచున్న ఇండ్లు మా వీధిలోనే గలవు. అట్టివారికి ‘నీ ఇల్లు రక్షితము, పడగొట్టరాదు’ అని తాఖీదు మాత్రమే పంపుట న్యాయము కాదు. రహదారుల విస్తరణలో స్థలము పోయినవారికి మనము అభివృద్ధి హక్కు పత్రములిచ్చుచున్నాము గదా. చరిత్రకై పై అంతస్తులు కట్టుకొను హక్కును వదలుకొన్నవారికిని అట్లే యిచ్చినచో, ఇంటి పన్నులో తగ్గింపు చేసినచో, సున్నపు మేస్త్రిని నగరపాలక సంస్థయే పంపినచో వారే ఆ ఇండ్లకు మొదటి కాపలాదారులగుదురు. బలవంతముగా చేయించిన త్యాగము నిలువదు. పంచుకొన్న భారము నిలుచును.

లివర్‌పూల్ సంగతి ఇచ్చట స్మరింపదగినది. ప్రపంచ వర్తకమునకు ఒకనాడు మూలస్తంభమైన ఆ ఇంగ్లీషు రేవునగరమును 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చెను. తీరమున క్రొత్త నిర్మాణములు లేచి పాత రేవు స్వరూపము చెడినదని 2021లో ఆ జాబితానుండి తొలగించెను. అట్లు తొలగింపబడిన స్థలములలో అది మూడవది మాత్రమే. అచ్చటి చట్టములు బలహీనములు కావు, అచ్చటి ప్రజలు అజ్ఞులు కారు. ఒక్కొక్క అనుమతియు విడిగా చూచినపుడు సబబుగానే కనబడియుండును. అన్నియు కలిసినపుడు ఊరి ముఖము మారిపోయినది. మన పాతనగరమున కూడ ఒక్కొక్క దరఖాస్తును విడివిడిగా విచారించు అలవాటు మాని, టౌన్‌హాలు మొదలు కురుపాం మార్కెట్టు వరకు, అచ్చటినుండి మూడు గుట్టల వరకు గల ప్రాంతమును ఒక్క వస్తువుగా భావించి, ఎత్తులు, ముంగిళ్లు, రహదారుల వెడల్పు ఒకేమారు నిర్ణయింపవలెనని ప్రార్థించుచున్నాను.

అయ్యా, ఈ పనులలో కొన్నింటికి ఏండ్లు పట్టును, కొన్నింటికి శాసనసభ వరకు పోవలసివచ్చును. కాని ఈ ఏటనే చేయదగినవి కూడ కలవు. అక్టోబరు, నవంబరు మాసములలో తుపానులు మన తీరమున ఎట్లు విరుచుకొనిపడునో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నాడు ఊరంతయు చూచినది. ఆ కాలము రాకముందే నగరపాలక సంస్థ అధీనములోని పాత భవనముల మిద్దెలెక్కి, నీటి తూములు శుభ్రము చేయించి, పిట్టగోడల రావిమొక్కలను వేళ్లతో తీయించి, పెచ్చులూడిన చోట సిమెంటు వాడరాదని లిఖితముగా ఉత్తరువు చేయుడు. ఇందులకు మహాప్రణాళికలు, సలహాదారులు అక్కరలేదు. సున్నపుపని తెలిసిన ఇద్దరు మేస్త్రీలు, నలుగురు కూలీలు, ఒక నిచ్చెన, కొద్దిపాటి ద్రవ్యము చాలును. ఆరంభము కురుపాం మార్కెట్టుతో చేయింపుడు: అచ్చటి వర్తకులు వేకువనుండి రాత్రి వరకు ఆ కట్టడమునందే యుందురు గావున పని మంచిదో చెడ్డదో వారే చెప్పగలరు. చేసిన పనికి తేదీ, వాడిన సరకు, మేస్త్రి పేరు ఒక పుస్తకములో వ్రాయించి, మరుసటి ఏట ఆ పుటను తెరచి గోడతో సరిచూడుడు. వచ్చు పాలకవర్గ సమావేశపు కార్యక్రమములో ఈ అంశమును చేర్చి, చర్చ జరుగు దినమును పాతనగర వాసులకు ముందుగా తెలియజేసినచో, మాలో పలువురము సభామందిరమునకు వచ్చి మాకు తెలిసినది విన్నవించుకొనగలము.

ఇట్లు,
భవదీయుడు,
పాతనగర పౌరుడు, విశాఖపట్నము